మూడ్, ఈటింగ్ డిజార్డర్లను కలిపి పరిశోధించాలనుకునే ఎండీ విద్యార్థికి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఎండీ సైకియాట్రీ మొదటి ఏడాది చదువుతున్నారు, థీసిస్ సినాప్సిస్ (ముందుగా ఇచ్చే పరిశోధన ప్రణాళిక) గడువు దగ్గరపడింది. మూడ్ డిజార్డర్లయిన బైపోలార్ (మేనియా అనే ఉద్రేకం, దిగులు మారిమారి వచ్చే జబ్బు), డిప్రెషన్ మీద ఆసక్తి ఉంది, ఈటింగ్ డిజార్డర్ల (తిండి తీరే జబ్బుగా మారడం) మీద అంతకన్నా ఎక్కువ ఆసక్తి ఉంది. రెండింటినీ కలిపి కెరీర్‌గా పెట్టుకోవచ్చా? మన దగ్గర అసలు కేసులే లేవని గైడ్ అంటున్నారు, అమెరికా వెళ్తే తప్ప కుదరదా?

కుదురుతుంది, ఇక్కడే కుదురుతుంది. కాకపోతే రెండు జబ్బుల్నీ పక్కపక్కన పెట్టుకుని చదివినంత మాత్రాన అది కెరీర్ కాదు. రెండింటి మధ్యా ఉన్న ఒక ప్రశ్నను పట్టుకోవాలి: ఈ రోగిలో ఏది ముందు మొదలైంది? దిగులు వల్ల తిండి చెడిందా, తిండి చెడడం వల్ల దిగులు పట్టుకుందా, లేక మనం రాసిచ్చిన మందే రెండింటినీ కదిపిందా? ఈ రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటున్న పనిలో చాలా భాగం ఈ వరుస తేల్చడానికి జరిగిందే. ఎలా జరిగిందో కొంచెం వివరంగా చెప్తాను. మీ సినాప్సిస్‌కి కావలసింది అందులోనే ఉంది.

లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ 1979లో 30 మంది రోగుల వివరాలతో ఒక పేపర్ ప్రచురించారు. బులీమియా నెర్వోసా అన్న పేరు వైద్యంలోకి వచ్చింది దాంతోనే. ఆపుకోలేని తిండి, ఆ వెంటనే వాంతి చేసుకోవడమో విరేచనాల మందు వేసుకోవడమో, లావైపోతామన్న విపరీతమైన భయం అందులోని ముఖ్య లక్షణాలు. వీళ్లలో డిప్రెషన్ తరచూ తీవ్రంగా ఉంటుందనీ ఆత్మహత్య ముప్పు ఎక్కువనీ ఆ పేపర్‌లోనే ఉంది. మసాచుసెట్స్‌లోని మెక్లీన్ హాస్పిటల్‌లో హారిసన్ పోప్, జేమ్స్ హడ్సన్ పట్టుకున్నది ఈ రెండో అంశాన్ని. బులీమియా మూడ్ డిజార్డర్లకు దగ్గరి చుట్టమైతే డిప్రెషన్ మందుకు లొంగాలి కదా అన్నది వాళ్ల తర్కం. 1983లో 22 మంది మహిళలతో ఇమిప్రమీన్ అనే డిప్రెషన్ మందును ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి మాత్రతో) పోల్చి 6 వారాల డబుల్ బ్లైండ్ ట్రయల్ (ఎవరికి ఏది అందిందో రోగికీ డాక్టరుకూ తెలియని పరీక్ష) ఫలితాలు ఇచ్చారు. ఇమిప్రమీన్ వాడినవారిలో బింజ్‌లు (ఆపుకోలేక అతిగా తినడాలు) స్పష్టంగా తగ్గాయి.

ఇక్కడ ఆగిపోయి ఉంటే 'బులీమియా అంటే ముసుగేసుకున్న డిప్రెషన్' అని పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయేది. ఆ తర్వాతి ట్రయల్స్ దాన్ని సరిదిద్దాయి. 1992లో వచ్చిన, ఫ్లుయోక్సెటిన్ అనే ఇంకో డిప్రెషన్ మందు ట్రయల్‌లో 387 మంది మహిళలు, 8 వారాలు, మూడు గ్రూపులు: ప్లాసిబో, రోజుకు 20 మి.గ్రా., రోజుకు 60 మి.గ్రా. డిప్రెషన్‌కు మామూలుగా 20 సరిపోతుంది. బులీమియాలో బాగా పనిచేసింది 60. పైగా డిప్రెషన్ లేని బులీమియా రోగుల్లో కూడా మందు పనిచేస్తోందని ఇలాంటి ట్రయల్స్ డేటా చూపించింది. అంటే మందు దిగులును తగ్గించి ఆ దారిన బింజ్‌ను తగ్గించడం లేదు, దానికి వేరే దారి ఉంది. డోసును మూడు మెట్లుగా పెట్టి, మొదలుపెట్టినప్పుడే డిప్రెషన్‌ను విడిగా కొలిచి ఉంచడం వల్లే ఇది తెలిసింది. రెండు గ్రూపులతో సరిపెట్టి, డిప్రెషన్ స్కోరు తీసుకోకుండా వదిలేసి ఉంటే ఈ ప్రశ్నకు జవాబే ఉండేది కాదు. మీ అధ్యయనం ఎంత చిన్నదైనా ఈ పద్ధతి వదలకండి: ఒక జబ్బును పరిశోధిస్తున్నప్పుడు రెండోదాన్ని కూడా మొదటి రోజే కొలిచి పెట్టాలి.

అనొరెక్సియా (తిండి బాగా తగ్గించి ప్రమాదకరంగా చిక్కిపోయే జబ్బు) కథ దీనికి తలకిందులు. ఆ రోగుల్లో దిగులు, నిద్రలేమి, చిరాకు, ఒంటరితనం కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కాబట్టి డిప్రెషన్ మందు పనిచేస్తుందని చాలామంది ఆశపడ్డారు. బరువు బాగా తక్కువ ఉన్నప్పుడు ఇస్తే పనిచేయలేదు. సరే, బరువు కోలుకున్నాక తిరగబెట్టకుండా ఆపుతుందేమో చూద్దామని తిమోతీ వాల్ష్ బృందం న్యూయార్క్, టొరంటోల్లో 93 మందికి ఏడాది పాటు ఫ్లుయోక్సెటిన్ లేదా ప్లాసిబో ఇచ్చింది. రెండు గ్రూపులకూ సీబీటీ (ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స) కూడా ఉంది. 2006లో ఫలితం వచ్చింది, తేడా లేదు.

బరువు తక్కువ ఉన్నప్పుడు కనిపించే దిగులు ఎక్కడిదో అర్థం కావాలంటే ఇంకా వెనక్కి, 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ చేసిన ప్రయోగానికి వెళ్లాలి. యుద్ధంలో పాల్గొనడానికి నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా 24 వారాలు అర్ధాకలితో ఉన్నారు. రోజుకు దాదాపు 1,570 కేలరీలు, బరువులో పాతిక శాతం పోయేలా. మానసిక జబ్బు లేనివాళ్లని చూసి మరీ ఎంచుకున్నారు. అయినా చాలామందికి దిగులు, చిరాకు వచ్చాయి, నలుగురిలోకి వెళ్లడం మానేశారు, లైంగికాసక్తి పోయింది, వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు, పళ్లెంలో ఉన్నదాన్ని గంటల తరబడి నంజుకున్నారు. కడుపు నిండా తిండి ఇచ్చాక కూడా కొందరు నెలల తరబడి అతిగా తిన్నారు. ఈటింగ్ డిజార్డర్ మీద పనిచేసేవాళ్లు ఈ ప్రయోగం నివేదికను ఒక్కసారైనా పూర్తిగా చదవాలని నా గట్టి అభిప్రాయం.

దీన్ని మీ ఓపీలో ఉన్న స్కేలుకు అన్వయించి చూడండి. హామిల్టన్ డిప్రెషన్ స్కేల్ 17 అంశాల రూపం తీసుకోండి. ఆకలి మందగించడానికి 2 మార్కులు, బరువు తగ్గడానికి 2, నిద్ర మీద మూడు అంశాలకు కలిపి 6, నీరసానికి 2, లైంగికాసక్తికి 2. మొత్తం 14. స్కోరు 7 లోపు ఉంటే డిప్రెషన్ లేదంటాం. అంటే మనసులో దిగులే లేని మనిషికి కూడా అర్ధాకలి ఒక్కటే 14 దాకా తేగలదు. అనొరెక్సియా రోగికి ఈ స్కేలు పెట్టి 'సగం మందికి పైగా డిప్రెషన్ ఉంది' అని రాసిన థీసిస్‌లో డిప్రెషన్ ఎంత, ఆకలి ఎంత అన్నది ఎవరికీ తెలియదు. మాడ్రస్ అనే ఇంకో డిప్రెషన్ స్కేలులో 10 అంశాలుంటే ఆకలి ఒకటి, నిద్ర ఒకటి. పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళిలో ఐదో ప్రశ్న ఏకంగా 'ఆకలి లేకపోవడం లేదా అతిగా తినడం' రెండింటినీ కలిపేస్తుంది. ఈటింగ్ డిజార్డర్ పరిశోధనలో ఆ ఒక్క జవాబు దేనికీ పనికిరాదు. పరిష్కారం కష్టం కాదు. మొత్తం స్కోరుతో పాటు దిగులు, నేరభావన, ఆసక్తి లేకపోవడం, ఆత్మహత్య ఆలోచన అంశాల స్కోరు విడిగా లెక్కగట్టండి. ఇలా చేస్తామని సినాప్సిస్‌లోనే రాయండి. డేటా చూశాక మొదలుపెడితే ఎగ్జామినర్ అడుగుతారు, అడగాలి కూడా.

ఇక మీ గైడ్ గారి మాట. కేసులు లేవనడం నిజం కాదు, సైకియాట్రీ ఓపీకి నేరుగా రావడం తక్కువన్నది నిజం. అనొరెక్సియా అమ్మాయి ముందు నెలసరి ఆగిందని గైనకాలజీకి వెళ్తుంది. తిన్నది తిన్నట్టు వాంతి అయ్యే పిల్లను గ్యాస్ట్రో వాళ్లకు చూపిస్తారు, ఎండోస్కోపీ కూడా అయిపోతుంది. బింజ్ ఈటింగ్ ఉన్నవాళ్లు థైరాయిడ్ పరీక్షలతో ఎండోక్రైనాలజీలోనో, బరువు తగ్గించే క్లినిక్‌లోనో తేలతారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ పిల్లల విభాగం 2007లో ప్రచురించిన వివరాల్లో అనొరెక్సియా కన్నా సైకోజెనిక్ (మానసిక కారణాలతో వచ్చే) వాంతులే చాలా ఎక్కువ. ఇక్కడి జబ్బు పడమటి పుస్తకంలో రాసినట్టే కనపడాలని ఎదురుచూస్తే కేసులు లేనట్టే ఉంటుంది. హాంకాంగ్‌లో సింగ్ లీ 1990లలోనే చూపించారు, లావైపోతానన్న భయం చెప్పకుండా 'కడుపు ఉబ్బరం, సయించట్లేదు' అంటూ చిక్కిపోయే అనొరెక్సియా రోగులున్నారని. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా సైకియాట్రీ సంఘం రోగనిర్ధారణ పుస్తకం) ప్రకారం, భయం ఉందని నోటితో చెప్పకపోయినా బరువు పెరగకుండా పదే పదే అడ్డుపడే ప్రవర్తన ఉంటే ఆ ప్రమాణానికి సరిపోతుంది. అదే పుస్తకం అనొరెక్సియాకు నెలసరి ఆగాలన్న షరతు తీసేసింది, బులీమియాకు బింజ్‌లు వారానికి రెండుసార్లు ఉండాలన్నదాన్ని 3 నెలల పాటు వారానికి ఒకసారికి తగ్గించింది, బింజ్ ఈటింగ్ డిజార్డర్‌ను పూర్తి స్థాయి రోగనిర్ధారణగా చేర్చింది. పాత ప్రమాణాలతో తీసిన భారతీయ లెక్కలను మీ లెక్కలతో పోల్చేటప్పుడు ఇది మర్చిపోకండి.

కాబట్టి కేసుల కోసం వేరే చోటికి పరిగెత్తకుండా, మీ ఓపీలో ఇప్పటికే వరుస కట్టి ఉన్నవారితో మొదలుపెట్టమంటాను. వాళ్లు బైపోలార్ రోగులు. వీళ్లలో బింజ్ ఈటింగ్ ఎంత ఉందో, మందుకు ముందు ఉందా తర్వాత వచ్చిందా అన్నది ఇక్కడ ఎవరూ సరిగ్గా అడగడం లేదు. అడిగినా ఫైల్లో 'బరువు పెరిగింది' అని ఒక్క ముక్క ఉంటుంది.

ఈ దారిలో ఎంత దూరం వెళ్లొచ్చో తెలియాలంటే సుసాన్ మెకెల్రాయ్ పని చూడండి. ఒహాయోలో, సిన్సినాటి విశ్వవిద్యాలయంలోనూ తర్వాత మేసన్‌లోని లిండ్నర్ సెంటర్‌లోనూ పనిచేశారు. పోప్, హడ్సన్‌లతో కలిసి చేసిన పని కూడా చాలా ఉంది. ఆమె ఒకవైపు బైపోలార్ మందుల మీద, మరోవైపు బింజ్ ఈటింగ్ మీద ఒకేసారి నడిచారు. టోపిరమేట్ అనే మూర్ఛ మందు బైపోలార్‌కు ఉపయోగపడుతుందేమోనని అందరూ వాడి చూస్తున్న రోజులవి. ఆ మందు మీద బరువు తగ్గుతోంది. 2000లో ఆమె బృందం బింజ్ ఈటింగ్ ఉన్న 13 మంది కేస్ సిరీస్ ప్రచురించింది. 2003లో స్థూలకాయం కూడా ఉన్న 61 మందితో 14 వారాల ప్లాసిబో ట్రయల్. 2007లో పలు కేంద్రాల్లో దాదాపు 400 మందితో ఇంకోటి. 13 నుంచి 61, అక్కడి నుంచి 400. పరిశోధకుల జీవితంలో ఏడెనిమిదేళ్ల పని ఇలాగే పెరుగుతుంది, మొదటి మెట్టుకు గ్రాంటు కూడా అక్కర్లేదు, ఫైళ్లు శుభ్రంగా ఉంటే చాలు. చివరికి ఏమైందో కూడా చెప్పాలి. మేనియా మీద పెద్ద ట్రయల్స్‌లో టోపిరమేట్ ప్లాసిబోను మించలేదు. బింజ్ ఈటింగ్‌లో పనిచేసినా మాట తడబడడం, మతిమరుపు, చేతుల్లో తిమ్మిరి లాంటి వాటితో చాలామంది మధ్యలో మానేశారు, ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) అనుమతి దాకా వెళ్లలేదు. అయినా ఆ పనిలో తయారైన కొలతలు, ట్రయల్ నమూనాలు వృథా పోలేదు. లిస్‌డెక్సాంఫెటమిన్ మీద ఆమె ముందుండి నడిపిన 11 వారాల ట్రయల్‌లో 30 మి.గ్రా. ప్లాసిబో కన్నా మెరుగు కాలేదు, 50, 70 మి.గ్రా. బింజ్ రోజుల్ని తగ్గించాయి. 2015 జనవరిలో ఎఫ్‌డీఏ మధ్యస్థం నుంచి తీవ్రమైన బింజ్ ఈటింగ్ డిజార్డర్‌కు ఆ మందును అనుమతించింది, బరువు తగ్గించే మందుగా వాడొద్దని లేబుల్ మీదే రాయించింది.

మీకు పనికొచ్చే ఖాళీ ఇక్కడే ఉంది. లిస్‌డెక్సాంఫెటమిన్ స్టిమ్యులెంట్, అంటే మెదడును ఉత్తేజపరిచే మందు. బైపోలార్ రోగిలో మేనియాను రేపగలదని హెచ్చరిక ఉంది. ఫ్లుయోక్సెటిన్ 60 మి.గ్రా. కూడా బైపోలార్‌లో ధైర్యంగా ఇచ్చే మందు కాదు. మరి బైపోలార్, బింజ్ రెండూ ఉన్న మనిషికి ఏమివ్వాలి? బైపోలార్‌కు వాడే ఒలాంజపిన్ ఇస్తే మూడ్ కుదుటపడి తిండి అదుపు తప్పుతుంది. దీనికి మంచి జవాబు ప్రపంచంలో ఎక్కడా లేదు. జవాబు వెతకాలంటే ముందు వీళ్లు ఎంతమంది, ఎలాంటివాళ్లు అన్నది తెలియాలి. అది ఒక ఎండీ థీసిస్ చేయగలిగిన పని.

శాంపిల్ లెక్క చూద్దాం. మీ పైలట్‌లో బింజ్ ఈటింగ్ 10 శాతం కనిపించిందనుకోండి. 5 శాతం అటూ ఇటూ తేడాతో, 95 శాతం నమ్మకంతో తేల్చాలంటే 139 మంది కావాలి. 15 శాతం కనిపిస్తే 196 మంది. ఏడాదిలో 139 అంటే వారానికి ముగ్గురు. ఒక్కొక్కరికి గంటన్నర పడుతుంది. డ్యూటీలతో పాటు ఇది జరిగే పనే. అదే మందు ట్రయల్ పెట్టుకుంటే లెక్క మారిపోతుంది: రెండు గ్రూపుల మధ్య అర ప్రామాణిక విచలనం తేడా పట్టుకోవడానికి 80 శాతం పవర్‌తో (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశంతో) గ్రూపుకు 64 మంది. ఈ జబ్బుల్లో 30 శాతం మంది మధ్యలో మానేయడం మామూలే, అంటే గ్రూపుకు 92, మొత్తం 184. పైగా బింజ్ ఈటింగ్‌లో ప్లాసిబోకే చాలామంది మెరుగవుతారు. డైరీ రాయమంటేనే బింజ్‌లు తగ్గుతాయి. ఎండీలో ట్రయల్ పెట్టుకుని 40 మంది దగ్గర ఆగిపోయి, 'తేడా లేదు' అని రాసిన థీసిస్‌లకు కొదవ లేదు. అలాంటి ఫలితం నుంచి ఏమీ తెలియదు. ట్రయల్ తర్వాత చేద్దురు.

కొలతల్లో అన్నిటికన్నా చెడిపోయేది బింజ్ నిర్వచనం. రెండు షరతులూ కలవాలి: అదే సమయంలో, అదే సందర్భంలో చాలామంది తినేదానికన్నా ఖచ్చితంగా ఎక్కువ, దాంతో పాటు అదుపు తప్పిన భావన. 'అతిగా తింటారా?' అని అడిగితే సంక్రాంతి అరిసెలు, పెళ్లి బంతి భోజనం అన్నీ అవుననే జవాబులోకి వచ్చేస్తాయి. ఏకాదశి ఉపవాసం ఉండి పొద్దు తిరిగాక కడుపునిండా తిన్నది బింజ్ కాదు. కాబట్టి ఇంటర్వ్యూలో సంఘటన పట్టుకుని అడగాలి. పోయిన శనివారం రాత్రి అన్నారు కదా, ఎన్నింటికి? ఒక్కరే ఉన్నారా? అన్నం ఎన్ని గరిటెలు? తర్వాత? చెగోడీల డబ్బా ఎంతవరకు ఖాళీ అయింది? బ్రెడ్ ఎన్ని ముక్కలు? ఎంతసేపట్లో? మధ్యలో ఎవరైనా వచ్చి ఉంటే ఆపగలిగేవారా? 'ఆపుదామనుకున్నా చెయ్యి ఆగలేదు' అని రోగి తనంతట తాను అన్నారా, మీరు అందించారా? జవాబు రోగి మాటల్లోనే ఫారంలో రాసుకోండి. అప్పుడే రెండో రేటర్ అదే జవాబు చదివి తన నిర్ణయం తాను చేయగలరు. 20 ఇంటర్వ్యూలు అనుమతితో రికార్డు చేసి ఇంకొకరితో విడిగా రేటింగ్ వేయించి కప్పా (ఇద్దరి నిర్ణయాలు ఎంత కలిశాయో చెప్పే సంఖ్య) లెక్కగట్టండి. 0.7 దాటకపోతే ఇంకా అధ్యయనం మొదలుపెట్టకండి. నిర్వచనం మళ్లీ కూర్చుని రాయండి.

దీనికి ప్రామాణికమైనది ఫెయిర్‌బర్న్, కూపర్‌ల ఈడీఈ (ఈటింగ్ డిజార్డర్ ఎగ్జామినేషన్) ఇంటర్వ్యూ. ప్రశ్నావళి రూపంలో 28 ప్రశ్నలు, గత 28 రోజుల గురించి. ఈఏటీ-26 (ఈటింగ్ ఆటిట్యూడ్స్ టెస్ట్ అనే ప్రశ్నావళి) వడపోతకు మాత్రమే, 20 దాటినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. 1989లో ఉత్తర భారత పాఠశాల బాలికల మీద ఈఏటీ పెట్టిన కింగ్, భుగ్రా అధ్యయనంలో చెప్పుకోదగ్గ సంఖ్యలో పిల్లలకు పెద్ద స్కోర్లు వచ్చాయి. చూస్తే కొన్ని ప్రశ్నలను పిల్లలు వ్రతాలు, ఉపవాసాలు, పద్ధతిగా తినడం అన్న అర్థంలో తీసుకున్నారు. తిండి విషయంలో నిగ్రహం ఉందా అని అడిగితే మన ఇళ్లలో పెరిగిన అమ్మాయి ఉందనే చెబుతుంది, అది గొప్పగా చెబుతుంది. తెలుగు రూపం వాడేముందు 10, 15 మందిని కూర్చోబెట్టి, ప్రతి ప్రశ్నకూ 'దీన్ని మీరు ఎలా అర్థం చేసుకున్నారు?' అని అడిగి తీరాలి. స్కేలుకు అనుమతి, రుసుము ఉన్నాయేమో కూడా అప్పుడే చూసుకోండి.

వరుస తేల్చడానికి నాకు తెలిసిన అతి మంచి సాధనం లైఫ్ చార్ట్. రాబర్ట్ పోస్ట్ బృందం అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో దీన్ని బైపోలార్ కోసం మెరుగుపెట్టింది. మీకు కావలసింది ఒక ఏ-3 కాగితం, మూడు రంగుల పెన్నులు. మధ్యలో గీత, ఎడమ నుంచి కుడికి ఏళ్లు. గీతకు పైన మేనియా, కింద డిప్రెషన్. దాని కింద ఇంకో పట్టీలో తిండి, బరువు. అన్నిటికన్నా అడుగున మందులు, మొదలుపెట్టిన నెల, డోసు, ఆపిన నెల. రోగికి తేదీలు గుర్తుండవు, సందర్భాలు గుర్తుంటాయి: పదో తరగతి పరీక్షలు, ఇంటర్ హాస్టల్, నిశ్చితార్థం, మొదటి కాన్పు. వాటిని ముందు పెన్సిల్‌తో పైన గుర్తుపెట్టుకుని మిగతావి వాటి చుట్టూ అమర్చండి. పాత చీటీలు, డిశ్చార్జి సమ్మరీలు, పెళ్లి ఫోటోలు తెమ్మనండి. ఫోటోలో బరువు కనిపిస్తుంది. తల్లితోనో భర్తతోనో విడిగా ఇంకో చార్టు గీసి పోల్చండి, కానీ వాంతుల సంగతి రోగి అనుమతి లేకుండా వాళ్లకు చెప్పకండి. ఒక్క చార్టుకు 40 నిమిషాలు పడుతుంది. పూర్తయ్యాక మూడు పట్టీలూ నిలువుగా చూస్తే, ఒలాంజపిన్ మొదలైన మూడు నెలలకు బింజ్ మొదలైందో, పదో తరగతి నుంచే రాత్రిపూట దొంగచాటుగా తినడం ఉందో కళ్లకు కనిపిస్తుంది. 139 చార్టులు ఇలా ఉంటే అవి మీ తర్వాతి పదేళ్ల పనికి పునాది.

బరువు రోగి చెప్పింది రాసుకోవద్దు. ఒకే మిషన్, చెప్పుల్లేకుండా, పలుచని బట్టలతో, వీలైతే ఉదయం. అనొరెక్సియా అనుమానం ఉంటే మూత్రం స్పెసిఫిక్ గ్రావిటీ చూడండి, బరువు ఎక్కువ చూపించడానికి లీటర్ల కొద్దీ నీళ్లు తాగి వస్తారు.

భద్రత గురించి ఎథిక్స్ కమిటీ అడగకముందే రాసుకోవాలి. దీని వెనక ఒక చేదు చరిత్ర ఉంది. 1980లలో బ్యూప్రోపియాన్ అనే డిప్రెషన్ మందును బులీమియా మీద పరీక్షించిన ట్రయల్‌లో మందు తీసుకున్న 55 మందిలో నలుగురికి మూర్ఛ వచ్చింది. అప్పటికే అనుమతి పొందిన మందును 1986లో వెనక్కి తీసుకున్నారు, 1989లో డోసు పరిమితితో తిరిగి తెచ్చారు. బులీమియా, అనొరెక్సియా ఉన్నవారికి ఇవ్వకూడదన్న నిషేధం ఇప్పటికీ లేబుల్ మీద ఉంది. డిప్రెషన్ అని వచ్చిన అమ్మాయిని వాంతుల గురించి అడగకుండా బ్యూప్రోపియాన్ రాస్తే ఏమవుతుందో ఆలోచించండి. బైపోలార్‌కు వాడే లిథియం ఇంకో ప్రమాదం. వాంతులతో నీరు, సోడియం పోతే కిడ్నీ లిథియంను పట్టి ఉంచుతుంది, రోజూ అదే డోసు మింగుతున్నా రక్తంలో మోతాదు పెరిగిపోతుంది. నిర్జల ఉపవాసాలు, రంజాన్ రోజులు, మే నెల ఎండల్లో కూడా ఇదే భయం. చివరి డోసు తర్వాత 12 గంటలకు తీసిన లెవెల్ 0.6 నుంచి 1.0 మధ్య ఉండాలి. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి.

కాబట్టి ప్రొటోకాల్‌లో వాంతి చేసుకునే ప్రతి ఒక్కరికీ పొటాషియం, ఈసీజీ ఉండాలి. 3.5 కన్నా పొటాషియం తగ్గితే ఎవరికి ఫోన్ చేయాలో పేరుతో సహా ఉండాలి. బీఎంఐ 16 కన్నా తక్కువ ఉన్నా, ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినకపోయినా ఒక్కసారిగా తిండి పెట్టొద్దు. ముందు థయమిన్ ఇచ్చి, ఫాస్ఫేట్ రోజూ చూస్తూ మెల్లగా పెంచాలి. లేకపోతే రీఫీడింగ్ సిండ్రోమ్‌లో ఫాస్ఫేట్ పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. ఆత్మహత్య ఆలోచన ప్రశ్నకు అవునన్న రోగిని ఆ రోజే కన్సల్టెంట్ చూడాలి, ఫారం ఫైల్లో పడి ఉండకూడదు. అనొరెక్సియాలో మరణాల రేటు అదే వయసువారి కన్నా దాదాపు ఆరు రెట్లు ఎక్కువని 2011లో వచ్చిన మెటా అనాలిసిస్ తేల్చింది. ఆ మరణాల్లో ఐదింట ఒకటి ఆత్మహత్య.

ట్రయల్ అయితే సీటీఆర్ఐలో (భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు చేయాలి, 2018 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. పరిశీలనా అధ్యయనమైనా నమోదు చేయమని నా సలహా. ప్రధాన ఫలితం ఒక్కటే పెట్టుకోండి. బింజ్‌ల సంఖ్యకు సగటు తీసి టీ-టెస్ట్ వేయకండి, ఒకరిద్దరు వారానికి 20 సార్లు తినేవాళ్లు మొత్తం లెక్కను లాగేస్తారు. మీడియన్ ఇవ్వండి, మోడల్ కావాలంటే నెగటివ్ బైనామియల్ (ఇలా బాగా చెదిరిన సంఖ్యలకు సరిపోయే గణాంక పద్ధతి) వాడండి.

అమెరికా ప్రశ్నకు క్లుప్తంగా. అక్కడ సైకియాట్రీ రెసిడెన్సీ నాలుగేళ్లు. పరిశోధకులకు మొదటి పెద్ద మెట్టయిన, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ (ఎన్ఐహెచ్) ఇచ్చే కే-23 అవార్డుకు 75 శాతం సమయం పరిశోధనకే కేటాయించాలి, పౌరసత్వం లేదా గ్రీన్ కార్డు ఉండాలి. అదే సంస్థ ఇచ్చే కే-99కి ఈ పౌరసత్వం షరతు లేదు. అయినా నియమాలు దరఖాస్తు చేసే ఏడాదికి సరిచూసుకోండి. మన డాక్టర్లు చాలామంది చిక్కుకునేది వీసాలో. జే-1 (శిక్షణకు ఇచ్చే వీసా) మీద వెళ్లి, ఆ తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నియమం తప్పించుకోవడానికి కాన్రాడ్ 30 వేవర్ (మినహాయింపు) తీసుకుంటే మూడేళ్లు వారానికి 40 గంటలు రోగుల్ని చూడాలి. పరిశోధనకు మిగిలేది రాత్రులే. పరిశోధనే లక్ష్యమైతే స్టెప్-3 (అమెరికా వైద్య లైసెన్సు చివరి పరీక్ష) ముందే పూర్తి చేసి హెచ్-1బీ ఇచ్చే విశ్వవిద్యాలయ ప్రోగ్రాములు వెతకండి. వెళ్లకపోయినా నిమ్హాన్స్‌లో పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్, ఐసీఎంఆర్ గ్రాంట్లు, డీబీటీ-వెల్‌కమ్ ఇండియా అలయన్స్ క్లినికల్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. ఎక్కడైనా సరే, దరఖాస్తులో మిమ్మల్ని నిలబెట్టేది మీ సొంత పైలట్ డేటా.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. ఇక్కడి లెక్కలు ఇక్కడివాళ్లే తీయాలి. ఈ వారం మీ లిథియం, ఒలాంజపిన్ ఫాలో-అప్‌లలో వచ్చే మొదటి 20 మందిని, గైడ్ అనుమతితో, బింజ్ గురించి పైన చెప్పినట్టు సంఘటన పట్టుకుని అడగండి. వచ్చిన సంఖ్యను కాగితం మీద రాసి గైడ్ గారి ముందు పెట్టండి. ఎక్కువ వస్తే శాంపిల్ లెక్క దాంతోనే మొదలవుతుంది. సున్నా వస్తే అడిగిన తీరు రికార్డు చేసి ఇంకొకరికి వినిపించి, మళ్లీ 20 మందిని అడగండి.